తడిక అల్లిన వంతెన: కార్నిష్-విండ్సర్ కవర్డ్ బ్రిడ్జ్‌కి మా రెండు రోజుల ట్రిప్

మార్కులు ముందే వేసేస్తాను. ఈ కప్పున్న కర్ర వంతెనకి ఐదుకి నాలుగున్నర. అక్కడ కారు ఆపుకునే సదుపాయానికి రెండు. మేం రాత్రి దిగిన మోటెల్‌కి ఒకటి, ఆ ఒకటీ వేణ్ణీళ్ళు వచ్చాయి కాబట్టి. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఓపిక లేనివాళ్ళకి ఒక్క ముక్క: పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం వెళ్ళకండి. పెద్ద వంతెనతో ఆగిపోకుండా, దానికి దగ్గర్లోనే ఉన్న చిన్నది కూడా చూసి రండి.

మేం ఉండేది అమెరికాలో, న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువాలో. అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి ఆగస్టులో వచ్చారు. మా ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళని ఎక్కడెక్కడికి తిప్పాలో ఒక లిస్టు అందరి దగ్గరా ఉంటుంది కదా, అది మేమూ పూర్తిచేశాం. స్టాట్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర నాన్న పడవ బాగుందన్నారు. నయాగరా దగ్గర చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సరే, ఆయనకి నచ్చిందని మేం సంతోషపడుతుంటే "ధవళేశ్వరంలో గేట్లన్నీ ఎత్తినప్పుడు చూశావటయ్యా నువ్వు?" అని మా ఆయన్ని అడిగారు. ఆ తర్వాత ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో మాకు పాలుపోలేదు.

మా నాన్న ముప్పై ఏళ్ళు కలప అడితి నడిపారు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు తలుపు మీద వేలితో కొట్టి చూస్తారు. మా ఇంటి తలుపు కొట్టి "ఇది కర్ర కాదమ్మా, కర్రపొట్టు" అని మొదటి రోజే తేల్చేశారు. అలాంటి మనిషికి వంద ఏళ్ళు దాటిన కర్ర వంతెన ఒకటి రెండు గంటల దూరంలో ఉందని చెబితే, ఫొటో అయినా అడగకుండా "ఎప్పుడు బయల్దేరదాం?" అన్నారు.

అలా అక్టోబరు రెండో వారాంతంలో ఆరుగురం బయల్దేరాం. నేను, మా ఆయన, పద్నాలుగేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి, అమ్మ, నాన్న. డిక్కీలో పులిహోర, పెరుగన్నం, చేగోడీలు, రెండు ఫ్లాస్కుల టీ. ఆకుల రంగులు చూడటానికి జనం విరగబడే వారం అది. కాంకర్డ్ దాకా రోడ్డు నిండా కార్లే.

దారి తేలికే. కాంకర్డ్ దగ్గర 89వ నంబరు హైవే ఎక్కి వెస్ట్ లెబనాన్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి 12ఏ రోడ్డు మీద దక్షిణంగా, కనెక్టికట్ నదిని కుడిపక్కన పెట్టుకుని రావడమే. పెట్రోలు, బాత్రూమ్, కాఫీ అన్నీ వెస్ట్ లెబనాన్‌లోనే కానిచ్చేయండి. ఆ తర్వాత పొలాలు, చెట్లు, అక్కడక్కడా ఇళ్ళు. వంతెన దగ్గర బాత్రూమ్ లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

ఇక వంతెన. కనెక్టికట్ నదికి ఇటు న్యూహాంప్‌షైర్‌లోని కార్నిష్, అటు వెర్మాంట్‌లోని విండ్సర్. రెండింటినీ కలుపుతూ 1866లో కట్టారు. అంతకు ముందు అదే చోట మూడు వంతెనలు కట్టారు, మూడూ పోయాయి. ఇది నాలుగోది. కట్టినవాళ్ళు బేలా ఫ్లెచర్, జేమ్స్ టాస్కర్ అని ఇద్దరు. ఖర్చు 9,000 డాలర్లు. అప్పట్లో ఇది ఒక ప్రైవేటు కంపెనీ వంతెన, దాటాలంటే డబ్బు కట్టాల్సొచ్చేది. 1936లో న్యూహాంప్‌షైర్ ప్రభుత్వం కొనుక్కుంది. కొన్నాక కూడా ఇంకో ఏడేళ్ళు వసూలు చేసి, 1943లో మానేసింది. టోల్‌గేటు అంత తొందరగా పోదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

దూరం నుంచి చూస్తే పొడుగాటి పశువుల పాక ఒకటి నది మీద ఈదుతున్నట్టుంటుంది. రంగు వెయ్యలేదు. పలకలు ఎండకీ వానకీ బూడిద రంగుకి తిరిగిపోయాయి. పైన కప్పు, రెండు వైపులా పలకల గోడ, రెండు చివరలా నల్లటి నోళ్ళు. మా అమ్మ "ఇదేంటే, వంతెనకి ఇల్లు కట్టారు!" అంది. మా అమ్మాయి అప్పటికే ఫోనులో చదువుకుని వచ్చింది కాబట్టి, గుర్రాలు నది చూసి బెదరకుండా ఉండటానికని చెప్పింది. నాన్న వినిపించుకోలేదు. "గుర్రం కోసం ఇంత కర్ర ఎవడు పెడతాడమ్మా? కర్ర కోసమే కర్ర పెట్టారు" అన్నారు.

ఆయన చెప్పిందే నిజం. వంతెన బరువు మోసేది పక్కల్లో ఉండే పెద్ద కర్రల చట్రం. కర్ర తడిస్తే పాడవదు, ఎండితే పాడవదు. తడిసి, ఎండి, మళ్ళీ తడిస్తే పాడవుతుంది. అతుకుల్లోకి నీళ్ళు దిగి అక్కడే నిలబడిపోతే ఇక చెప్పక్కర్లేదు. కప్పులేని కర్ర వంతెన పదీ ఇరవై ఏళ్ళలో పనికిరాకుండా పోయేది. కప్పు వేస్తే వందేళ్ళు దాటేది. మా తాతయ్య ఇంట్లో పెంకు జారిన చోట నాలుగు వానాకాలాలు ఎవరూ పట్టించుకోకపోతే ఐదో ఏడు టేకు దూలం పుచ్చిపోయిందట. ఆ కథ నాన్న వంతెన దగ్గర నిలబడి మా అబ్బాయికి మొత్తం చెప్పారు. వాడు సగంలో చేగోడీల కోసం వెళ్ళిపోయాడు. నేను మాత్రం విన్నాను.

చలికాలంలో ఇంకో తమాషా ఉండేదట. ఆ రోజుల్లో మంచులో తిరిగేవి చక్రాల్లేని బళ్ళు, మంచు మీద జారేవి. కప్పున్న వంతెన లోపల మంచు పడదు కాబట్టి బండి జారదు. అందుకని బయటి మంచు పారతో ఎత్తి తెచ్చి లోపల పరిచేవాళ్ళు. మంచు పడకుండా కప్పు వేసి, మళ్ళీ మంచు మోసుకొచ్చి లోపల పోయడం! ఈ మాట విన్నాక మా అమ్మకి అమెరికా వాళ్ళ మీద ఉన్న గౌరవం కాస్త తగ్గింది.

వంతెన నోటి మీద ఒక పాత బోర్డు ఉంటుంది. గుర్రాలను నడిపించండి, లేకపోతే రెండు డాలర్ల జరిమానా అని. అందరూ దాన్నే ఫొటో తీస్తారు, మేమూ తీశాం. గుర్రాలు దౌడు తీస్తే వాటి డెక్కల తాళం వంతెనని ఊపేస్తుందని భయం. కారుకి ఆ భయం లేదు కానీ, మెల్లగానే వెళ్ళాలి. లోపల వెలుతురు తక్కువ, ఎదురుగా కార్లు వస్తుంటాయి.

మేం మొదటి రోజు చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. దారిలో ట్రాఫిక్ వల్ల చేరేసరికి మూడయింది. న్యూహాంప్‌షైర్ వైపు ఒడ్డు మీద, వంతెనకి కాస్త ఎగువన నిలబడితే పోస్టుకార్డుల్లో కనిపించే దృశ్యం వస్తుంది: ముందు నది, అడ్డంగా వంతెన, దాని వెనక వెర్మాంట్‌లోని అస్కట్నీ కొండ. ఆ చూపు నైరుతికి. అక్టోబరులో మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు ఎక్కడుంటాడు? సరిగ్గా నైరుతిలోనే. కెమెరా ఎత్తితే ఎండ లెన్సులోకి. ఆకాశం తెల్లగా, వంతెన నల్లగా, కొండ పొగలో ముంచినట్టు. ముప్పై రెండు ఫొటోలు తీశాను. ఇంటికొచ్చాక ముప్పై ఒకటి తీసేశాను. మిగిలిన ఒకటి మా అబ్బాయిది, వాడి ముక్కు మీద పులిహోర మెతుకు ఉంది కాబట్టి.

ఆ పూట ఇంకో గొడవ. మా వాడికి ఒక కాలు న్యూహాంప్‌షైర్‌లో, ఒక కాలు వెర్మాంట్‌లో పెట్టి ఫొటో కావాలి. వంతెన మధ్యలో గీత ఉంటుందని వాడి లెక్క. గీత లేదు, ఉన్నా మధ్యలో ఉండదు. ఈ రెండు రాష్ట్రాలూ సరిహద్దు కోసం సుప్రీంకోర్టుకి ఎక్కాయి. 1933లో తీర్పు వచ్చింది. నదిలో నీరు బాగా తగ్గినప్పుడు వెర్మాంట్ వైపు దాని అంచు ఎక్కడ ఉంటుందో అదీ హద్దు అని. అంటే నది దాదాపు మొత్తం న్యూహాంప్‌షైర్‌దే. వంతెనా అంతే. విండ్సర్ ఒడ్డు నుంచి వంతెన ఎక్కగానే రాష్ట్రం మారిపోతుంది. ఇది నాన్నకి చెబితే "నదంతా ఒకళ్ళదేనా? రెండోవాళ్ళు ఊరుకున్నారా?" అని నమ్మలేకపోయారు. కృష్ణా నీళ్ళ తగువు రోజూ పేపర్లో చదివే మనిషి మరి. "మన దగ్గరైతే ఇప్పటికి మూడు ట్రిబ్యునళ్ళు వేసేవాళ్ళు" అన్నారు. వంతెన మరమ్మతు ఖర్చు కూడా చాలామటుకు న్యూహాంప్‌షైర్ మీదే పడుతుందని చెప్పాక ఆయన మనసు కుదుటపడింది.

మరమ్మతు అంటే గుర్తొచ్చింది. 1987లో వంతెన మూసేసి, బాగుచేసి, 1989 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. అప్పుడు పలచటి చెక్కలు జిగురుతో అంటించి చేసిన పెద్ద దూలాలు కొన్ని వాడారు. పాత కర్ర కాదు కదా అని పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. నాకైతే అభ్యంతరం లేదు. ఈ రోజుకీ దాని మీద కార్లు తిరుగుతున్నాయి. గాజు పెట్టెలో పెట్టి చూసేదానికంటే ఇదే మేలు.

పొడుగు గురించి ఒక మాట. అక్కడ రోడ్డు పక్కన ప్రభుత్వం వాళ్ళ ఆకుపచ్చ బోర్డు 460 అడుగులు అంటుంది. పుస్తకాల్లో 449 అడుగుల 5 అంగుళాలు. దేశంలో అన్నిటికంటే పొడుగైన కర్ర వంతెన అని కూడా ఆ బోర్డు మీద ఉంటుంది. అది ఒకప్పటి మాట. ఒహాయోలో 2008లో స్మోలెన్-గల్ఫ్ వంతెన అని 613 అడుగులది తెరిచారు. కానీ అది ఈ కాలంలో, ఈ కాలం లెక్కలతో కట్టినది. రెండే ఖానాల (దిమ్మకీ దిమ్మకీ మధ్య జాగా) మీద, 1866లో, ఇంత వెడల్పు నదిని దాటించడం వేరు. నాన్న ఖానాలు లెక్కపెట్టి "రెండేనా! మన హేవలాక్ వంతెనకి యాభై ఆరు" అన్నారు. కాసేపాగి "కానీ అది ఇనుము" అని ఆయనే అన్నారు.

లోపలికి వెళ్ళేసరికి టైర్ల కింద చప్పుడు మారిపోయింది. కిటికీ అద్దాలు దించమన్నారు నాన్న. పాత కర్ర వాసన, దుమ్ము, చల్లదనం. రెండు వైపులా లావుపాటి దుంగలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరదాకా. దీన్ని ఇథియల్ టౌన్ అనే ఆర్కిటెక్టు పేటెంటు తీసుకున్న పద్ధతి అంటారు, 1820లో ఒకసారి, 1835లో ఒకసారి. ఆయన పలకలతో కట్టమన్నాడు. కార్నిష్‌లో పలకలు కాదు, చదరంగా చెక్కిన దుంగలకి గాడి కొట్టి ఒకదాన్లో ఒకటి కూర్చోబెట్టారు. ఇదంతా నేను చదివి చెప్పబోతుంటే నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు. "తడిక అల్లారే!"

నిజంగా అంతే. వెదురు బద్దలు ఏటవాలుగా అల్లితే ఒక్కో బద్ద బలహీనమే, తడిక మాత్రం నిలబడుతుంది. ఏ బద్ద మీద బరువు పడినా పక్క బద్దలు పంచుకుంటాయి. ఇంజనీరింగ్ చదివిన మా ఆయన స్టీరింగ్ వదల్లేక, మాట ఆపుకోలేక, "అదే మావయ్యగారూ, లోడ్ డిస్ట్రిబ్యూషన్" అన్నారు. "ముందు రోడ్డు చూడు బాబూ" అంది అమ్మ.

ఇక్కడే నాకు అరమార్కు తగ్గింది. లోపల నడిచేవాళ్ళకి వేరే బాట లేదు. కార్లు తిరుగుతుంటాయి. పిల్లలతో, పెద్దవాళ్ళతో లోపల నిలబడి చూడటం కుదరదు, ప్రయత్నించకండి కూడా. కారులో నాలుగుసార్లు దాటాం. ప్రతిసారీ నాన్న మెడ తిప్పి చూసేలోగా అయిపోయేది. ముప్పై ఏళ్ళు కర్రల మధ్య తిరిగిన మనిషి, ఒక్కసారి చెయ్యి వేసి చూడాలని ఉంటుంది కదా. నాలుగోసారి దాటాక "పోనీలే అమ్మా, చూశాంగా" అన్నారు. ఆ "పోనీలే" నాకు నచ్చలేదు.

రాత్రి మోటెల్ సంగతి క్లుప్తంగా. పేరు రాయను. నది కనిపించే గది అని పదిహేను డాలర్లు ఎక్కువ తీసుకున్నారు. కిటికీ తెరిస్తే పార్కింగ్, పార్కింగ్ అవతల చెత్తకుండీ, దాని అవతల చెట్లు, ఆ చెట్ల అవతల నది. కౌంటర్లో అడిగితే ఆకులు రాలాక కనిపిస్తుందని చెప్పాడు. హీటరు రాత్రంతా రోలులో రాళ్ళేసి తిప్పినట్టు మోగింది. పొద్దున టిఫిను అంటే పాలు, ఎండు అటుకుల్లాంటి సీరియల్. అమ్మ మిగిలిన పెరుగన్నం తీసింది, మా పరువు నిలబెట్టింది.

అయినా అక్కడ రాత్రి ఉండటమే మంచిదయింది. తెల్లవారి ఏడు దాటగానే నేనూ నాన్నా ఇద్దరమే వంతెన దగ్గరికి వచ్చాం. నది మీద పొగమంచు. మొదట వంతెనే లేదు. నీళ్ళు కూడా లేవు. అవతల ఎక్కడో కారు వస్తున్న చప్పుడు, తర్వాత కర్ర మీద ఎక్కిన చప్పుడు, తర్వాత మా వైపు నోట్లోంచి రెండు పసుపు లైట్లు. ఆ లైట్లతో ఒక ఫొటో వచ్చింది, మా హాల్లో గోడ మీద ఇప్పుడు అదే ఉంది. గంటసేపట్లో మంచు పైకి లేచింది. ముందు కప్పు కనిపించింది, గోడ ఇంకా మంచులోనే. కప్పొక్కటే గాల్లో తేలుతున్నట్టు. తర్వాత గోడ, తర్వాత నది మధ్యలో రాతి దిమ్మ, ఆఖరున నీళ్ళలో దాని నీడ. అస్కట్నీ కొండ మీద ఎండ పడి ఎర్రాకులన్నీ వెలిగాయి.

ఫొటోలు తీసేవాళ్ళకి నేను నేర్చుకున్నవి చెబుతాను. అక్టోబరు పొద్దుట ఎగువ ఒడ్డు నుంచి చూస్తే వంతెన గోడ మీద నేరుగా ఎండ పడదు, కొండ మీదా అవతలి చెట్ల మీదా పడుతుంది. అందుకే వంతెన మెత్తటి నీడలో, వెనకదంతా రంగుల్లో వస్తుంది. ఆ తేడానే అందం. పలకల మీద నేరుగా ఎండ కావాలంటే ఎండాకాలం తెల్లవారుజామున రండి, అప్పుడు సూర్యుడు ఈశాన్యంలో లేస్తాడు. పొగమంచులో ఫోను తనంతట తాను అంతా బూడిద చేసేస్తుంది. తెర మీద వేలు పెట్టి వెలుతురు కాస్త పెంచుకోండి. వంతెన లోపల దానికి తిరగేసి చెయ్యాలి. చివరనున్న వెలుతురు మీద వేలు పెట్టి, వెలుతురు తగ్గించండి. దుంగలు నల్లబడితే పడనివ్వండి. అన్నీ కనిపించేలా తీస్తే గోడౌన్ ఫొటోలా ఉంటుంది. లోపలి ఫొటోలు డ్రైవరు పక్క సీట్లోంచి మాత్రమే, డ్రైవరు మాత్రం చచ్చినా వద్దు. ట్రైపాడ్ తెచ్చుకుంటే ఒడ్డు మీద పెట్టుకోండి. పెద్ద లెన్సు అక్కర్లేదు. కెమెరాతో వచ్చే మామూలు లెన్సుతోనే పని జరిగిపోయింది.

మనుషుల్ని తీసేటప్పుడు వంతెన ముందు వరసగా నిలబెట్టకండి. వంతెన చీమంత, మనుషులు గోడంత వస్తారు. ఒడ్డు మీద నదివైపు తిరిగి కూర్చోమని, కాస్త వెనకనుంచి తీయండి. అమ్మ వీపూ జడా, నాన్న మంకీ క్యాపూ, వాటి అవతల వంతెన. మా చుట్టాల గ్రూపులో అన్నిటికంటే ఎక్కువ లైకులు దానికే. "మొహాలేవీ?" అని మా మేనత్త అడిగింది, అది వేరే విషయం.

కారు ఆపుకునే చోటు గురించి చెప్పాల్సింది ఉంది. 12ఏ రోడ్డు పక్కన కొద్దిపాటి జాగా ఉంది. ముందు రోజు మధ్యాహ్నం అక్కడ చోటు లేక, ఇరవై నిమిషాలు అటూ ఇటూ తిరిగాం. పొద్దున మా కారొక్కటే. ఒడ్డు వాలుగా ఉంది, మంచుకి గడ్డి తడి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైనే ఉంటే మేలు. నాన్న దిగుతానంటే ఒక చేత్తో ఆయన్నీ, ఒక చేత్తో కెమెరానీ పట్టుకోవాల్సొచ్చింది.

తొమ్మిదింటికి అందరం కలిసి చిన్న వంతెనకి వెళ్ళాం. అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది దీని కోసమే. పేరు బ్లాక్‌స్మిత్ షాప్ బ్రిడ్జ్. కమ్మరి కొలిమి వంతెన అనుకోండి. అదే కార్నిష్‌లో, 12ఏ నుంచి లోపలికి తిరిగి టౌన్ హౌస్ రోడ్డు మీద కొంచెం దూరం వెళితే, మిల్ బ్రూక్ అనే వాగు మీద ఉంటుంది. 1881లో కట్టారు. కట్టింది అదే టాస్కర్. పెద్ద వంతెన కట్టిన పదిహేనేళ్ళకి, వెయ్యి డాలర్ల లోపు ఖర్చుతో. ఇప్పుడు దాని మీద కార్లు వెళ్ళవు. నడిచేవాళ్ళకే. మేం వెళ్ళేసరికి ఒక్కరూ లేరు. పెద్ద వంతెన దగ్గర అంత జనం ఉంటే, రెండు మూడు మైళ్ళ దూరంలో ఉన్న దీన్ని చూడటానికి ఎవరూ రాకపోవడం ఏమిటో.

నాన్న చెప్పులు విప్పేశారు. నేను వద్దనలేదు. లోపలికి వెళ్ళి ముందు ఒక దుంగ మీద వేలితో కొట్టారు. తర్వాత అరచెయ్యి ఆనించి కిందకి నిమిరారు. గొడ్డలితో చెక్కిన గాట్లు ఎక్కడున్నాయా, రంపం పళ్ళ గీతలు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ వెళ్ళారు. మా అబ్బాయి కూడా వెనకే కొట్టుకుంటూ వెళ్ళాడు. ఇక్కడ తడిక లేదు. నిలువు కర్రలు, వాటికి ఆనించి ఏటవాలు కర్రలు, అంతే. ఇంగ్లీషులో వాళ్ళు కింగ్ పోస్ట్ అంటారని మా అమ్మాయి చదివింది. "రాజు ఎందుకమ్మా, నిట్టాడు" అన్నారు నాన్న. పెంకుటింట్లో కప్పుని మోసే నడిమి స్తంభం నిట్టాడు.

ఆ తర్వాత ఆయన చాలాసేపు ఒక నిలువు కర్ర మొదట్లో వంగి చూశారు. ఏదో తేడాగా ఉందన్నారు. మన నిట్టాడు నేల మీద నిలబడి పైకప్పుని మోస్తుంది. ఇక్కడ కర్ర కింద నేల లేదు, వాగు ఉంది. మరి దేన్ని మోస్తోంది? కాసేపటికి ఆయనే చెప్పారు. "ఇది మొయ్యట్లేదమ్మా, వేలాడుతోంది. ఏటవాలు కర్రలు దీన్ని పైనుంచి పట్టుకున్నాయి, ఇది కింద వంతెన నేలని పట్టుకుంది." మా ఆయన సెల్‌లో లెక్క చూసి, సరిగ్గా అంతేనని చెప్పారు. నిలువు కర్రల్లో లాగుడు, ఏటవాలు కర్రల్లో నొక్కుడు. కిటికీలోంచి వచ్చే వెలుతురు కాదు కానీ, పలకల సందుల్లోంచి సన్నగా పడే ఎండ చారలు నాన్న చొక్కా మీదుగా కర్ర మీదుగా పోతున్నాయి. అక్కడ నేను తీసిన ఫొటోలో మొహం లేదు, వంతెన రూపం లేదు. ఒక గాడి, దాన్లో కూర్చున్న ఇంకో కర్ర, ఆ రెండింటి మధ్య పోస్టుకార్డు కూడా దూరనంత సందు, దాని మీద నాన్న గోరు.

అమ్మ మాత్రం ఇరవై నిమిషాల్లో "కర్రే కదా, ఎంతసేపు?" అనేసింది. ఆమెకి నచ్చింది సెయింట్-గాడెన్స్ పార్కు. తిరుగు దారిలో అదే 12ఏ మీద ఉంటుంది. అగస్టస్ సెయింట్-గాడెన్స్ అనే శిల్పి ఇల్లూ తోటా. లింకన్ విగ్రహం ముందు అమ్మ ఫొటో దిగింది. తెల్ల బెరడు బర్చ్ చెట్ల బాటలో మోకాళ్ళ నొప్పి మర్చిపోయి రెండుసార్లు నడిచింది. లోపలి భవనాలు అక్టోబరు నెలాఖరుదాకే తెరిచి ఉంటాయి, చూసుకుని వెళ్ళండి. విండ్సర్ ఊళ్ళో 1846 నాటి తుపాకుల ఫ్యాక్టరీలో ఒక యంత్రాల మ్యూజియం ఉంది. మా ఆయన అటు చూశారు, నేను ఆయన వైపు చూశాను, కారు ముందుకి పోయింది.

ఖర్చు చెప్పాలంటే వంతెనలకి రూపాయి కూడా లేదు. పెట్రోలూ మోటెలే. ఆ మోటెల్ లేకుండా వెళ్ళాలనుకుంటే నాషువా నుంచి నాలుగున్నరకి లేచి బయల్దేరండి. పిల్లలు తిడతారు, పొగమంచు చూశాక మానేస్తారు. మా అమ్మాయి మానలేదు, అది నిద్రపోయింది కాబట్టి.

ఇంటికొచ్చాక నాన్న నా ఫొటోలన్నీ చూసి, పొగమంచు పక్కన పెట్టి, ఆ గాడి ఫొటో ఒక్కటే తీసుకుని రాజమండ్రిలో తన పాత వడ్రంగి మేస్త్రికి వాట్సాప్‌లో పంపించారు. కట్టి నూట నలభై ఏళ్ళు దాటిందని కింద రాశారు. మర్నాడు పొద్దున ఆయన దగ్గర్నించి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక రంపం చప్పుడు.

"పనితనం బాగుందండీ. చెద పట్టలేదాండీ?"

నాన్న ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా, అమెరికా నుంచి వినపడదేమోనన్నట్టు జవాబిచ్చారు: "ఐదు నెలలు మంచురా ఇక్కడ! చెదకి మాత్రం చలి వెయ్యదూ?"